ఇంగ్లిష్ కార్నర్: “రేట్లు పెరిగాయి” అంటే ఏ రేట్లు?



ఈ నెల పాఠం నా పొరపాటుతో మొదలవుతుంది. ఈమధ్య జరిగిన ఒక ఇంగ్లిష్ డిబేట్‌లో మా తొమ్మిదో తరగతి అమ్మాయి ధరల పెరుగుదల మీద మాట్లాడింది. వాళ్ల నాన్నగారికి సుల్తాన్‌బజార్‌లో బట్టల షాపు. అమ్మాయి చక్కగా, తడబడకుండా మాట్లాడుతూ మధ్యలో ఈ వాక్యం చెప్పింది: “ఆర్‌బీఐ హాజ్ రెడ్యూస్డ్ ద రేట్స్, సో వెజిటబుల్స్ ఆర్ చీప్ నౌ.” జడ్జిగా వచ్చిన మేడం మెల్లగా “విచ్ రేట్స్?” అని అడిగారు. అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి “ఆల్ రేట్స్, మేడం” అంది. హాల్లో వెనక వరసల నుంచి నవ్వులు వినిపించాయి. తర్వాతి రౌండ్‌కు పిలిచినా ఆమె స్టేజీ మీదికి రాలేదు.

ఆ స్పీచ్ దిద్దింది నేనే. ఆర్టికల్స్ చూశాను, టెన్స్‌లు చూశాను, రెండు చోట్ల స్పెల్లింగ్ సరిచేశాను. ఆ “రేట్స్” అన్న మాట మాత్రం నా కంటికి తప్పుగా తగల్లేదు. ఎందుకంటే మా ఇంట్లోనూ అదే మాట. “ఉల్లిగడ్డ రేటెంత?”, “రేట్లు బాగా పెరిగినయ్” అంటూనే నేనూ పెరిగాను. అందుకే ఈ నెల ధరల గురించి ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో చూద్దాం. ఇంట్లో నానమ్మలు, తాతయ్యలు కూడా చదువుతారని ఇంగ్లిష్ వాక్యాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. స్పెల్లింగులు పిల్లల నోట్‌బుక్స్‌లో రాయించాను, అక్కడ చూసుకోవచ్చు.

ఒక తెలుగు మాట, మూడు ఇంగ్లిష్ మాటలు

తెలుగులో “రేటు” అనే ఒక్క మాటతో మనం చాలా పనులు నడిపిస్తాం. బడిచౌడిలో వంకాయకూ రేటే, బ్యాంకులో అప్పుకూ రేటే. ఇంగ్లిష్‌లో ఇవి వేరు. కొనే వస్తువుకు ఉండేది ప్రైస్. ఆ ధరలన్నీ కలిసి ఏడాదికి ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పేది ఇన్‌ఫ్లేషన్, అంటే మన పేపర్లు రాసే ద్రవ్యోల్బణం. ఇక ఆర్‌బీఐ పేరు పక్కన ఉత్త “రేట్స్” అని కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ వడ్డీ రేటే.

ఇంగ్లిష్‌లో రేట్ అన్న మాట ధరకు అసలు వాడరని కాదు. హోటల్ గదికి రూమ్ రేట్ అంటారు, గంటల లెక్కన పనిచేసేవాళ్లకు అవర్లీ రేట్ అంటారు. టొమాటోకు, టీవీకి, టెక్స్ట్‌బుక్‌కు మాత్రం ప్రైసే.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో ఒక పేపర్ వాక్యంతో చూడండి. “ద ఆర్‌బీఐ రెయిజ్డ్ రేట్స్ టు కర్బ్ ఇన్‌ఫ్లేషన్.” మా క్లాసులో దీన్ని తెలుగులో చెప్పమన్నాను. సగం మంది “ధరలు తగ్గించడానికి ఆర్‌బీఐ ధరలు పెంచింది” అన్నారు. చెప్పి వాళ్లే నవ్వుకున్నారు. నిజానికి జరిగింది ఇది: 2022 ఏప్రిల్‌లో దేశంలో రిటైల్ ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరింది. ఆ మే నెల నుంచి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వ్ బ్యాంకు రెపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. రెపో రేటంటే బ్యాంకులకు ఆర్‌బీఐ ఇచ్చే స్వల్పకాలిక అప్పు మీద వడ్డీ. అది పెరిగితే మన హోమ్ లోన్ ఖరీదవుతుంది, వ్యాపారి అప్పూ ఖరీదవుతుంది. అప్పు చేసి కొనేవాళ్లు తగ్గుతారు, గిరాకీ మెత్తబడుతుంది, ధరల పరుగు నెమ్మదిస్తుంది. అంటే ఒకటి పెంచేది రెండోదాన్ని అదుపు చేయడానికే. 2025లో దీనికి ఎదురు దిశలో జరిగింది. ద్రవ్యోల్బణం బాగా దిగిరావడంతో ఆర్‌బీఐ ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా నాలుగు విడతల్లో రెపో రేటును 6.5 నుంచి 5.25కు తగ్గించింది. మా అమ్మాయి స్పీచ్‌లో కారణం, ఫలితం తారుమారయ్యాయి. ఆర్‌బీఐ రేట్లు తగ్గించినందుకు కూరగాయలు చౌక కాలేదు. ఆహారం ధరలు దిగి, ద్రవ్యోల్బణం తగ్గింది కాబట్టే రేట్లు తగ్గించే వీలు దొరికింది.

ఈ రేట్స్‌తో వచ్చే క్రియలు నాలుగైదు తెలిస్తే చాలు: రెయిజ్ రేట్స్, హైక్ రేట్స్, కట్ రేట్స్, హోల్డ్ రేట్స్, అంటే మార్చకుండా ఉంచడం. పేపర్లో “రేట్ కట్” అని కనిపిస్తే హోమ్ లోన్ ఉన్నవాళ్లు ఈఎంఐ వైపు చూడాలి, కూరగాయల బండి వైపు కాదు.

ఇన్‌ఫ్లేషన్ తగ్గితే ధర తగ్గినట్టేనా?

మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు ఫీజు సర్క్యులర్ చేతిలో పట్టుకుని వచ్చారు. “మేడమ్, టీవీల ఇన్‌ఫ్లేషన్ సున్నాకొచ్చిందని చెప్తున్నరు. మరి నా ఇంటి ఖర్చు తగ్గలే, ఇగ మీ ఫీజు గూడ పెరిగె. ఎవరి మాట నిజం?” అన్నారు. ఆమె అడిగిన తీరు నాకు నచ్చింది. ఫీజు సంగతి నా చేతిలో లేదు కాబట్టి మాట వరకే జవాబు చెప్పాను. ఆ జవాబే ఈ పాఠంలో అసలు ముక్క.

కోఠి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లే బస్సు ఎక్కారనుకోండి. చాదర్‌ఘాట్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు స్లో అయింది. స్లో అయినంత మాత్రాన అది వెనక్కి కోఠికి పోవడం లేదు కదా? ముందుకే పోతోంది, కాకపోతే మెల్లగా. ఇన్‌ఫ్లేషన్ అంటే బస్సు వేగం. ప్రైస్ అంటే బస్సు ఇప్పుడు ఎక్కడ ఉందో ఆ చోటు. వేగం తగ్గినా చోటు ముందుకే జరుగుతుంది.

లెక్కలో చెబితే ఇంకా తేలిక. నెల సరుకుల బుట్ట 100 రూపాయలనుకుందాం. మొదటి ఏడాది ద్రవ్యోల్బణం 8 శాతం, బుట్ట 108 అయింది. రెండో ఏడాది ద్రవ్యోల్బణం సగానికి తగ్గి 4 శాతమైంది. టీవీలో శుభవార్త. బుట్ట ఎంత? 112 రూపాయల 32 పైసలు. ద్రవ్యోల్బణం సగమైంది, మన బిల్లు మాత్రం పెరిగింది. ఆ అమ్మగారి మాటా నిజమే, టీవీ మాటా నిజమే.

కాబట్టి పిల్లలు “ఇన్‌ఫ్లేషన్ హాజ్ ఫాలెన్” అని రాస్తే దాని వెంటనే “సో థింగ్స్ ఆర్ చీపర్” అని రాయకూడదు. “ప్రైసెస్ ఆర్ స్టిల్ రైజింగ్, బట్ మోర్ స్లోలీ” అని రాయాలి. ఇన్‌ఫ్లేషన్ వేగం తగ్గడానికి పేపర్లు వాడే క్రియలు అందంగా ఉంటాయి: ఇన్‌ఫ్లేషన్ ఈజ్డ్, కూల్డ్, స్లోడ్, మోడరేటెడ్. పెరిగినప్పుడు రోజ్, పిక్డ్ అప్, జంప్డ్, స్పైక్డ్. ఇందులో స్పైక్ అంటే ముల్లులా ఒక్కసారిగా పైకి లేవడం. గ్రాఫ్ గీసి చూపిస్తే పిల్లలు వెంటనే పట్టుకుంటారు. 2023 జులైలో అదే జరిగింది. టొమాటో కిలో 100 దాటిపోయింది, హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో పప్పులోకి చింతపండే దిక్కయింది. ఆ నెల దేశంలో ద్రవ్యోల్బణం 7.44 శాతం. “ఎ స్పైక్ ఇన్ టొమాటో ప్రైసెస్ పుష్డ్ అప్ ఇన్‌ఫ్లేషన్” అన్న వాక్యానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మదనపల్లె నుంచి, మిగతా చోట్ల నుంచి కొత్త పంట దిగాక ధర దబ్బున పడింది. దానికి ప్లంజ్డ్, క్రాష్డ్, ప్లమెటెడ్ అనొచ్చు. ఇవన్నీ కొండ మీద నుంచి రాయి పడినట్టు పడటం. రెండు రూపాయలు తగ్గితే ప్లంజ్డ్ అని రాయకండి.

మరి నిజంగా ధరలే వెనక్కి వస్తే? దానికి వేరే మాట ఉంది, డిఫ్లేషన్. వేగం తగ్గడం డిస్‌ఇన్‌ఫ్లేషన్, ధరలే మొత్తంగా పడిపోవడం డిఫ్లేషన్. ఈ తేడా పుస్తకంలో చదివేదే అనుకునేవాళ్లం, కానీ మన రాష్ట్రమే చూపించింది. 2025 జూన్‌కు విడుదలైన లెక్కల్లో దేశం మొత్తానికి ద్రవ్యోల్బణం 2.10 శాతమైతే తెలంగాణకు మైనస్ 0.93. అంటే సగటున సరుకుల బుట్ట ఏడాది కిందటి కంటే కొద్దిగా చౌకగా ఉందన్నమాట. దీన్ని “నెగెటివ్ ఇన్‌ఫ్లేషన్” అని రాశారు. ఆ అక్టోబరులో దేశం అంకె కూడా 0.25కు దిగింది. టీవీలో “సున్నా” అని ఆ అమ్మగారు విన్నది బహుశా దాన్నే. అయితే ఆ దిగుడు ఎక్కువగా కూరగాయలు, పప్పుల వల్ల వచ్చింది. స్కూలు ఫీజు, ఇంటద్దె, డాక్టర్ ఫీజు ఉల్లిగడ్డ పక్కన నడవవు. అందుకే ఆర్థిక వార్తల్లో రెండు రకాలు చెబుతారు. అన్నీ కలిపిన అంకె హెడ్‌లైన్ ఇన్‌ఫ్లేషన్, ఆహారం, ఇంధనం తీసేసి చూసేది కోర్ ఇన్‌ఫ్లేషన్. ఆహారం ఒక్కదానిదే చెబితే ఫుడ్ ఇన్‌ఫ్లేషన్.

గుర్రమూ, నిప్పూ

తెలుగు పేపర్ చదివే ఇంటి పిల్లలకు ఇక్కడ ఒక లాభం ఉంది. ధరల గురించి మన పేపర్లు వాడే బొమ్మలూ, ఇంగ్లిష్ వాళ్లు వాడే బొమ్మలూ చాలాచోట్ల ఒకటే. మనం “ధరలకు కళ్లెం” అంటాం. ఇంగ్లిష్‌లో “రెయిన్ ఇన్ ఇన్‌ఫ్లేషన్”. రెయిన్ అంటే గుర్రపు పగ్గమే, వానకూ దీనికీ సంబంధం లేదు, స్పెల్లింగ్ కూడా వేరు. గుర్రం దౌడు తీసినట్టు పెరిగితే “గాలపింగ్ ఇన్‌ఫ్లేషన్”, చేయి దాటిపోతే “రన్‌అవే ఇన్‌ఫ్లేషన్”, మచ్చిక చేస్తే “టేమ్ ఇన్‌ఫ్లేషన్”. అలాగే మనం “పెట్రోల్ ధర పెరుగుదల ద్రవ్యోల్బణానికి ఆజ్యం పోసింది” అని రాస్తాం. నెయ్యి పోస్తే నిప్పు లేచినట్టే ఇంగ్లిష్‌లోనూ “ఫ్యూయల్డ్ ఇన్‌ఫ్లేషన్” లేదా “స్టోక్డ్ ఇన్‌ఫ్లేషన్” అంటారు. స్టోక్ అంటే పొయ్యిలో నిప్పు ఎగదోయడం.

“ధరలు ఆకాశాన్నంటాయి”కి స్కైరాకెటెడ్ సరిపోతుంది. “రెక్కలొచ్చాయి”కి సోర్డ్ దగ్గరగా ఉంటుంది, అది పక్షి పైకెగరడమే. కానీ “ధరలు మండిపోతున్నాయి” అన్నదాన్ని మాత్రం యథాతథంగా “ప్రైసెస్ ఆర్ బర్నింగ్” అని రాస్తే ఇంగ్లిష్ చదివేవాళ్లకు అర్థం కాదు. ఆ నిప్పు అక్కడ ధర పక్కన కాదు, ఇన్‌ఫ్లేషన్ పక్కన కూర్చుంటుంది.

హైపర్‌ఇన్‌ఫ్లేషన్ అన్న మాటను పిల్లలు ఊరికే వాడేస్తున్నారు. అది 1923లో జర్మనీలో జరిగినదానికి వాడేది. ఉదయం జీతం తీసుకుని సాయంత్రంలోగా ఖర్చు పెట్టకపోతే ఆ నోట్లకు విలువ ఉండని పరిస్థితి. మన దగ్గర ఉల్లిగడ్డ 80 రూపాయలైతే అది హైపర్ కాదు.

మార్కులు పోయే చోట్లు

ఎక్కువ మంది చేసే తప్పు “ద ప్రైస్ ఈజ్ వెరీ కాస్ట్‌లీ”. కాస్ట్‌లీ అయ్యేది వస్తువు, ధర కాదు. ధర ఎక్కువో తక్కువో ఉంటుంది. “టొమాటోస్ ఆర్ ఎక్స్‌పెన్సివ్” లేదా “ద ప్రైస్ ఆఫ్ టొమాటోస్ ఈజ్ హై”. తెలుగులో మనం “ధర ఖరీదు” అనం కదా, మరి ఇంగ్లిష్‌లో ఎందుకంటామో నాకూ తెలియదు.

రెండోది రైజ్, రెయిజ్. ధర తనంతట తాను పెరిగితే రైజ్, ఎవరో పెంచితే రెయిజ్. తెలుగులో పెరగడం, పెంచడం ఉన్నట్టే. “ప్రైసెస్ రోజ్”, “ద షాప్‌కీపర్ రెయిజ్డ్ ప్రైసెస్”. “ప్రైసెస్ ఆర్ రెయిజ్డ్ డే బై డే” అని రాసినప్పుడు నేను మార్జిన్‌లో “ఎవరు పెంచారు?” అని రాస్తాను. ఒక పిల్లవాడు దాని కింద “గవర్నమెంట్” అని రాసి తిరిగి ఇచ్చాడు. గ్రామర్ ప్రకారం వాడి జవాబు కరెక్టే.

ఇన్‌ఫ్లేటెడ్ అన్న మాటతో జాగ్రత్త. ఇన్‌ఫ్లేట్ అంటే గాలి కొట్టి ఉబ్బించడం, టైరుకు కొట్టినట్టు. అందుకే “ఇన్‌ఫ్లేటెడ్ ప్రైసెస్” అంటే మామూలుగా పెరిగిన ధరలు కాదు, ఉండాల్సినదానికంటే ఉబ్బించిన ధరలు. “ఇన్‌ఫ్లేటెడ్ బిల్” అంటే లేనిది కలిపి రాసిన బిల్లు. షాపు నడిపే నాన్నగారి గురించి ఎస్సేలో పొరపాటున ఈ మాట పడితే నిందలా వినిపిస్తుంది.

ఇంటి ఖర్చు మాటలు

బతకడానికి అయ్యే ఖర్చు మొత్తం కలిపి “కాస్ట్ ఆఫ్ లివింగ్”, అది పెరిగితే “ద రైజింగ్ కాస్ట్ ఆఫ్ లివింగ్”. వచ్చినదానితో నెల గడపడం “మేక్ ఎండ్స్ మీట్”. రూపాయితో కొనగలిగే శక్తి “పర్చేజింగ్ పవర్”, అది అరిగిపోతే “ఇన్‌ఫ్లేషన్ ఎరోడ్స్ పర్చేజింగ్ పవర్”. నేలను వాన కోసినట్టు కొద్దికొద్దిగా కోసుకుపోవడం అన్నమాట.

జీతం ధరలతో సమానంగా నడిస్తే “కీప్ పేస్ విత్ ఇన్‌ఫ్లేషన్”. “మై శాలరీ హాజ్ నాట్ కెప్ట్ పేస్ విత్ ఇన్‌ఫ్లేషన్.” ఇది ఉదాహరణ కోసం రాసిన వాక్యం మాత్రమే, మేనేజ్‌మెంట్ వారు గమనించగలరు. ప్రభుత్వ ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు డీఏ తెలుసు, డియర్‌నెస్ అలవెన్స్. అక్కడ డియర్ అంటే ప్రియమైన అని కాదు, ప్రియం అని. “బియ్యం ప్రియమైంది” అని పెద్దవాళ్లు అంటారు చూడండి, అచ్చంగా అదే. ఇంగ్లిష్ మాటకూ తెలుగు మాటకూ రెండర్థాలూ ఒకేలా ఉండటం నాకు బీఈడీ చదివేటప్పుడు తట్టలేదు, క్లాసులో ఒక పిల్ల అడిగితేనే తట్టింది. తెలుగులో డీఏను కరువు భత్యం అంటారు. ధరల పెరుగుదలను మన పెద్దలు కరువుతో పోల్చి చూశారన్నమాట.

ఇక ఆ అమ్మగారి ఫీజు సంగతి. స్కూళ్ల సర్క్యులర్లలో తరచూ “నామినల్ హైక్” అని కనిపిస్తుంది. టీచరుగా ఆ రెండు మాటల జత నాకు నచ్చదు. హైక్ అనే మాటలోనే కాస్త గట్టిగా పెంచారన్న ధ్వని ఉంది. నామినల్ అంటే పేరుకు మాత్రమే అని అర్థం. గట్టిగా పెంచినదాన్ని పేరుకు పెంచినట్టు చెప్పడం అయింది. పెంపు చిన్నదో పెద్దదో తేల్చే ఇంగ్లిష్ వేరే ఉంది. ధరలు 5 శాతం పెరిగిన ఏడాది ఫీజూ 5 శాతమే పెరిగితే “ఫీజ్ రోజ్ ఇన్ లైన్ విత్ ఇన్‌ఫ్లేషన్”. 10 శాతం పెరిగితే “ఫీజ్ అవుట్‌పేస్డ్ ఇన్‌ఫ్లేషన్”. ఏ స్కూలు సర్క్యులర్ వచ్చినా ఈ రెండింటిలో ఏ వాక్యం సరిపోతుందో పిల్లలతోనే లెక్క కట్టించండి. ఆ అమ్మగారికి ఇదే చెప్పాను. ఆమె అక్కడే ఫోన్ తీసి లెక్క వేసుకున్నారు. ఏ వాక్యం వచ్చిందో నాకు చెప్పలేదు, ఆఫీసు గది వైపు వెళ్లారు.

ఈ నెల ఇంటి పని

ఆదివారం పిల్లల్ని కోఠి పాత పుస్తకాల షాపులకో, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పుస్తకాల దగ్గరికో తీసుకెళ్లండి. ఒకే గ్రామర్ పుస్తకమో డిక్షనరీయో పాత ముద్రణ, కొత్త ముద్రణ రెండూ దొరుకుతాయేమో వెతకమనండి. వెనక అట్ట మీద అచ్చయిన ధరలు, లోపలి పేజీలో అచ్చయిన సంవత్సరాలు రాసుకోమనండి. “మా చిన్నప్పుడు ఇది ఇంతే” అని మీరు అంటారు కదా, దానికి ఇంగ్లిష్‌లో రెండు మాటలున్నాయి: “ఇన్ టుడేస్ మనీ”, “అడ్జస్టెడ్ ఫర్ ఇన్‌ఫ్లేషన్”. అప్పటి ధర ఇప్పటి రూపాయల్లో ఎంతవుతుందో సరిచూడటం. అలా చూస్తే కొన్ని పుస్తకాలు నిజానికి చౌకయ్యాయని తేలవచ్చు.

ఆ డిబేట్ అమ్మాయి ఈ పని ముందే చేసి తెచ్చింది. దాంతోపాటు ఒక ప్రశ్న కూడా తెచ్చింది. “మేడం, మా షాపులో ‘ఫిక్స్‌డ్ రేట్’ అని బోర్డుంది. నాన్నకు చెప్పి మార్పించాలా?” అని. అక్కర్లేదు అన్నాను. సుల్తాన్‌బజార్‌లో ఆ బోర్డు చదివి ఎవరూ బ్యాంకు అనుకోరు, బేరం ఆడొద్దని అందరికీ తెలుసు. పరీక్షలో మాత్రం “ఫిక్స్‌డ్ ప్రైస్” అని రాయమన్నాను. ఫిక్స్‌డ్ రేట్ అనేది వడ్డీ మారని లోన్‌కు వాడే మాట, మారేదాన్ని ఫ్లోటింగ్ రేట్ అంటారు. “అయితే మా ఇంటి లోన్ ఫ్లోటింగ్ రేట్, మా షాపు ఫిక్స్‌డ్ ప్రైస్” అని నోట్‌బుక్‌లో రాసుకుంది. వచ్చే టర్మ్ డిబేట్‌కు పేరు ఇచ్చింది.

పిల్లలు రాసిన వాక్యాలను, పుస్తకాల ధరలతో సహా, ఈ నెలాఖరులోగా స్కూల్ డైరీలో పెట్టి పంపండి. బాగున్నవి వచ్చే సంచికలో వేస్తాం.